బోర్లా పెట్టిన పేపరు

మార్చి 2

మదర్ పొద్దున్నే తన గదికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, కుర్చీ చూపించారు. ఆవిడ కుర్చీ చూపించారంటే శుభవార్తయినా అయుండాలి, ఎవరైనా పోయైనా ఉండాలి. శుభవార్తే. వేసవి సెలవుల్లో ఆవిడ తప్పుకుంటున్నారు. తర్వాతి ప్రిన్సిపాల్ నేను. డెబ్భై ఏళ్ళ కాలేజీలో సిస్టర్ కాని మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం ఇదే మొదటిసారి.

"ఆలోచించుకుని, ఒప్పుకుంటున్నానని ఉత్తరం రాసివ్వు" అన్నారు. ఆలోచించుకోవడానికేముంది, ముప్పై ఒక్క ఏళ్ళుగా చేస్తున్నది అదే. అయినా మర్యాద కోసం ఒక్కరోజు టైమడిగాను.

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. ఆసుపత్రిలో ముప్పై ఆరేళ్ళు నర్సుగా చేసిన మనిషి, పిడుగు పడ్డా ఉలిక్కిపడదు. "మంచిదే. ఇన్నాళ్ళూ నీ క్లాసు ఒక్కటే హడలి చచ్చేది, ఇక కాలేజీ మొత్తం చస్తుంది" అంది. వెళ్ళి టీ మాత్రం రెండుసార్లు పెట్టింది. అక్క సంతోషం టీ గిన్నెలో తెలుస్తుంది.

గర్వం పాపమని ప్రార్థన మందిరంలో వారంవారం వింటూనే ఉన్నాను. ఈ ఒక్కరోజుకి దేవుడు చూసీ చూడనట్టు ఊరుకోవాలి.

మార్చి 4

వేరే కాలేజీల నుంచి ఐదుగురు వచ్చారు, మా పరీక్ష పద్ధతి చూడటానికి. చూపించే పని ఎప్పుడూ నాదే. పాఠం అప్పజెప్పినట్టు వచ్చేస్తుంది: హాల్లో కాపలా ఉండదు, తలుపులు బార్లా తీసే ఉంటాయి. రాసినవాళ్ళు వచ్చి పేపరు ఈ మూతలేని చెక్కపెట్టెలో పెట్టి, పక్కనున్న చిన్న గంట ఒక్కసారి కొట్టి వెళ్ళిపోతారు. తప్పు చేశామనుకున్నవాళ్ళు పేపరు బోర్లా పెడతారు. వెనకవైపు మూల రోల్ నంబరు ఒక్కటే వేస్తారు. దానికి సున్నా. ఎందుకని ఎవరూ అడగరు. ఆ పేపరు తిప్పే హక్కు పెట్టినవాళ్ళకి తప్ప ఎవరికీ లేదు.

వాళ్ళలో ఒక మీసాలాయన "అందరూ నిజాయితీగా ఉంటారని గ్యారంటీ ఏమిటండీ?" అన్నాడు.

"మీరు హాలుకి ఇద్దరిని కాపలా పెడతారు కదా. మీకుందా గ్యారంటీ?" అన్నాను.

మీసాలు కిందికి దిగాయి. "పోనీ, ఇప్పటికి ఎన్ని బోర్లా పెట్టారు?" అన్నాడు.

"నా ముప్పై ఒక్క ఏళ్ళలో పదకొండు." మనవల సంఖ్య చెప్పుకునే మామ్మలా చెప్పాను. ఏటా కొత్త పిల్లలకి మొదటి క్లాసులో చెప్పే మాట కూడా అదే. ఆ పదకొండుమంది పేర్లు నాకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు, చెప్పను. ఈ పద్ధతి తీసేద్దామని పన్నెండేళ్ళ కిందట కమిటీ అంటే ఒంటికాలి మీద లేచి అడ్డుకున్నది నేనే. ఆ సంగతి మీసాలాయనకి లెక్కల సిస్టర్ చెప్పింది. నేను చెప్పమనలేదు. ఆపనూ లేదు.

మార్చి 9

మూడో ఏడాది నీతిశాస్త్రం, ఇరవై ముగ్గురు. ఎందుకమ్మ మళ్ళీ చెయ్యెత్తింది. ఆ పేరు పెట్టింది నేను కాదు, వచ్చిన వారానికే క్లాసు పెట్టింది. దర్జీ గారి అమ్మాయి. కూరలో ఉప్పు ఎందుకు వేస్తారని అడిగే రకం. వాళ్ళు నాకు పెట్టిన పేరు తక్కెడ, పావు మార్కు కూడా అటూ ఇటూ పోనివ్వనని. నాకు తెలియదనుకుంటారు. తెలుసు, ఇష్టం కూడా.

"మేడమ్, ఎవరూ చూడనప్పుడు మంచిగా ఉండేవాడు గొప్పా, అందరూ చూస్తుండగా తప్పు ఒప్పుకునేవాడు గొప్పా?"

"నువ్వేమంటావు?"

"మొదటిది సులువు మేడమ్. అలవాటైపోతుంది."

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు, కానీ స్టాఫ్ రూములో నలుగురికి చెప్పాను. పెద్ద యూనివర్సిటీ ఏడాదికి మా కాలేజీ నుంచి ఒక్కరినే పైచదువుకి తీసుకుంటుంది. ఈసారి ఈ పిల్లకే రాసి పెట్టి ఉంది. అన్ని సబ్జెక్టులూ మొదటిసారికే పాసవ్వాలి, అంతే షరతు. దానికది ఒక షరతా!

మార్చి 17

ప్రశ్నపత్రం తయారు. మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని, ఎప్పటిలాగే, లైబ్రరీవాళ్ళు పారేసిన పాత కేటలాగు కార్డు వెనక పెన్సిలుతో చిత్తు రాసుకున్నాను. నాలుగు ప్రశ్నలు. నాలుగోది నాకే ముద్దొచ్చింది: "మాట తీసుకున్న మనిషి చనిపోయాడు. మాట ఇచ్చిన మనిషి ఇంకా కట్టుబడి ఉండాలా? ఎవరికి?" ఒళ్ళో ఆకుపచ్చ పుస్తకం ఉంది, మాట ఇవ్వడం గురించిన ఆ లావుపాటిది. అందులోంచి పుట్టిన ప్రశ్నే. మంచి కాపీ రాసి, కవరు అంటించి, మదర్ బీరువాలో పెట్టించి వచ్చాను. అక్క భోజనానికి పిలవబట్టి మధ్యలో ఒకసారి లేచాను గానీ, లేకపోతే ఒక్క ఊపులో అయిపోయేది.

మార్చి 19

ఎందుకమ్మ వచ్చి ఆకుపచ్చ పుస్తకం అడిగింది. నా పుస్తకాలు నేను ఎవరికీ ఇవ్వనని లోకమంతటికీ తెలుసు. ఇచ్చాను. "అంచులు మడిచావంటే చెవి మడుస్తాను" అన్నాను. రెండు చేతులతో పట్టుకుని, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుపోయింది.

మార్చి 20

ప్రార్థన తర్వాత మదర్ నా పేరు ప్రకటించారు. చప్పట్లు. ఒక నిమిషం పైనే. లెక్కపెట్టలేదు, గోడ గడియారం ఎదురుగా ఉంది.

మార్చి 21

ఎందుకమ్మ పుస్తకం తెచ్చిచ్చింది. రెండే రోజులు! ఆ పుస్తకంతో నేను ఒక చలికాలమంతా కుస్తీ పట్టాను. చదివావా అంటే తలూపింది. ప్రశ్నలేం లేవా అంటే లేవంది. ఈ పిల్లకి ప్రశ్నలు లేకపోవడం మూడేళ్ళలో ఇదే మొదలు. జ్వరమేమో, ముఖం కూడా పీక్కుపోయి ఉంది. పరీక్షలముందు అందరికీ ఉండేదే.

మార్చి 26

పరీక్ష. పెట్టె నేనే తీసుకొచ్చాను. ఇరవై మూడు పేపర్లు.

ఒకటి బోర్లా.

రోల్ నంబరు పద్నాలుగు.

మార్చి 27

రాయాలని కూర్చుంటే నిన్న మూడు ముక్కలకే చెయ్యి ఆగిపోయింది. ఈ రోజు కోపం వచ్చింది, అది నయం.

పద్నాలుగు ఎందుకమ్మ. ఎందుకని అడగకూడదు, అడగను. కానీ నా మనసులో నేను అనుకోకూడదని ఎవరూ రూలు పెట్టలేదు. మూడేళ్ళు నెత్తిన పెట్టుకున్నాను. స్టాఫ్ రూములో దాని మాటలు నా సొంత కవిత్వంలా చదివి వినిపించాను. నా పుస్తకం ఇచ్చాను. చివరికి నా పరీక్షలోనే! సున్నా వేశాను. పావు మార్కుల తక్కెడకి సున్నా వేయడం ఎంత తేలికో ఇవాళ తెలిసింది.

సున్నా అంటే ఆ సీటు కూడా పోయినట్టే. వచ్చే ఏడాది మళ్ళీ రాసి పాసవచ్చు, కానీ మొదటిసారికి పాసైనట్టు కాదు.

అక్క అడిగింది: "నీ ప్రశ్నపత్రమే ఎలాగో దాని కంటపడిందేమోనే?"

"ఎవరి దగ్గర్నించి? నా దగ్గర్నించా?"

"నేను అడిగానంతే."

"మంచి కాపీ మదర్ బీరువాలో ఉంది. చిత్తు కాగితం చించి పొయ్యిలో వేస్తాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా అంతే."

"వేస్తావు సరే. వేశావా?"

అక్కకి రిటైరయ్యాక పనిలేక ఇలాంటి ఆరాలు ఎక్కువయ్యాయి.

మార్చి 28

కార్డు చించేశాను. పొయ్యిలో వేశాను. నాకు బాగా గుర్తు.

మార్చి 29

దర్జీ గారు కొలతలకి వచ్చారు. పట్టాల రోజుకి అందరి నల్లగౌన్లూ ఆయనే కుడతారు. ఈసారి ప్రిన్సిపాల్ గౌను నా కొలతకి. టేపు మెడలో వేసుకుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా మాట్లాడగలిగిన మనిషిని ఈయన్నొక్కర్నే చూశాను.

"భుజాలు నిటారుగా పెట్టండి మేడమ్. ఈ గౌను తొడుక్కున్నాక ఎలాగూ నిటారుగానే ఉంటాయి" అని నవ్వారు. తర్వాత, నా వైపు చూడకుండా చేతి కొలత తీస్తూ, "మా అమ్మాయి పేపరు బాగా రాసిందా అండీ? ఇంట్లో నోరు విప్పడం లేదు. అన్నం ముందు కూర్చుంటుంది, లేచిపోతుంది. మీ సబ్జెక్టంటే దానికి ప్రాణం కదా, అందుకని మిమ్మల్ని..." అన్నారు.

మార్కులు ఇంకా రాలేదన్నాను. అబద్ధం కాదు, జాబితా ఇంకా అతికించలేదు.

గౌను లోపలివైపు చూపించి, "ఈ లోపలి కుట్టు ఎవరికీ కనపడదు మేడమ్. బయటిది ఎవడైనా తిన్నగా కుడతాడు. దర్జీ సంగతి తెలిసేది లోపల తిప్పి చూస్తేనే" అన్నారు. వెళ్తూ వెళ్తూ నా పాత గౌను లైనింగు చిరిగిందని అది కూడా పట్టుకుపోయారు, ఊరికే బాగుచేసిస్తానని.

మంచి మనిషి. పాపం.

మార్చి 30

ఆకుపచ్చ పుస్తకం షెల్ఫులోనే ఉంది, దాని చోట్లో. తీయాల్సిన పనేం లేదు. ఈ వారం ఆ పాఠం లేదు కూడా.

మార్చి 31

తీయలేదు. పేపర్లు దిద్దే పని ఉంది. ఇరవై రెండు.

ఏప్రిల్ 1

అక్క: "ఆ షెల్ఫు వైపు అన్నిసార్లు చూస్తావేం?"

"దుమ్ము పట్టింది."

"కట్టు విప్పకుండా పుండు మానిందని చెప్పే రోగులని చాలామందిని చూశాను. నువ్వు తీస్తావా, నన్ను తీయమంటావా?"

ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు ఒకరు నర్సు కాకూడదు.

ఏప్రిల్ 2

నూట పద్దెనిమిదో పేజీలో ఉంది.

కార్డు. నా పెన్సిలు, నా నాలుగు ప్రశ్నలు, నాలుగోదాని కింద నేను మురిసిపోయి గీసుకున్న గీత. అక్క భోజనానికి పిలిచింది. చేతిలో ఉన్నదాన్ని పేజీ గుర్తుకి పుస్తకంలో పెట్టి లేచాను. ఎన్నో ఏళ్ళుగా నాకు దొరికిన కాగితమల్లా పేజీ గుర్తే. అన్నం తిని వచ్చాక మంచి కాపీ రాయడానికి కార్డు కూడా అక్కర్లేకపోయింది, ప్రశ్నలన్నీ నోటికి వచ్చేశాయి. అందుకే చించేశానని అంత బాగా "గుర్తుంది". ముప్పై సార్లు చించినది గుర్తుంటే ముప్పై ఒకటోసారి కూడా చించినట్టే అనిపిస్తుంది.

కార్డు మరచిపోవడం పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. కానీ ఈ వారం రోజులూ నాకు తెలుసు. ఎక్కడో తెలుసు, కాబట్టే పుస్తకం తీయలేదు. ఒక పిల్ల అన్నం ముందునుంచి లేచిపోతోందని వాళ్ళ నాన్న నోట విని కూడా తీయలేదు.

సాయంత్రం హాస్టలు పక్క తోటలో ఎందుకమ్మని పట్టుకున్నాను. కార్డు చూపించాను.

"దొరికిందా మేడమ్" అంది. ఎంత మెల్లగా అందంటే, పోయిన వస్తువు నాదైతే, దాని కోసం దిగులుపడ్డది ఆ పిల్లయినట్టు.

"అప్పుడే వచ్చి చెప్పచ్చు కదే! పేపరు మార్చేసేదాన్ని. అరగంట పని."

"చెబుదామనే బయల్దేరాను మేడమ్. ఆ రోజే ప్రార్థనలో మీ పేరు ప్రకటించారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. కొట్టిన చేతులతోనే వచ్చి ఈ మాట ఎలా చెప్పను? ఇంకా... పెట్టె ఉంది కదా అనుకున్నాను. పెట్టె ఎవర్నీ ఏమీ అడగదు."

"ఇది నీ తప్పు కాదు. నాది. వెళ్ళి ఆ పేపరు తిప్పు. ఆ హక్కు నీకుంది."

తల అడ్డంగా ఊపింది. "ఒకసారి చూస్తే పొరపాటు మేడమ్. నేను రెండుసార్లు చదివాను. రెండోసారి నాలుగో ప్రశ్నకి జవాబు మనసులో మొదలుపెట్టేశాను."

"మరి పరీక్షలో?"

"అన్నీ రాశాను. బాగా రాశాను మేడమ్. బోర్లా పెట్టేటప్పుడు ఏడుపొచ్చింది, సున్నాకి కాదు, నాలుగో జవాబు మీరు చదవరు కదా అని."

"స్వెట్టరు వేసుకో, చలి" అన్నాను. చలి లేదు.

ఇంటిదారి పొడవునా ఒకటే అనుకున్నాను: ఇది నా శిష్యురాలు. కన్నీళ్ళొచ్చేంత గర్వం. నాకన్నా గొప్పదని తెలిశాక వచ్చిన గర్వం. ఇలాంటిది నాకు అలవాటు లేదు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఏప్రిల్ 3

నియమాల పుస్తకం తిరగేశాను. తిరగేయక్కర్లేదు, రాసింది నేనే. తొమ్మిదో నియమం: "ప్రశ్నపత్రం తయారుచేసినవారి అజాగ్రత్తవల్ల బయటపడితే, ఆ పరీక్ష రాసినట్టు కాదు. అందరూ మళ్ళీ రాయాలి. అజాగ్రత్త ఎవరిదో ప్రార్థనలో వారే చదవాలి." పద్దెనిమిదేళ్ళ కిందట ఇది లెక్కల సిస్టర్‌ని దృష్టిలో పెట్టుకుని రాశాను. ఆవిడ కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఊరంతా వెతుకుతుంది, తాళాలు వారానికోసారి పోగొడుతుంది. ఆవిడ ఈనాటి వరకు ఒక్క ప్రశ్నపత్రం పోగొట్టలేదు. తాను తీసిన గోతిలో తానే పడటమంటే ఇదే, అదీ కొలత తీసి మరీ తవ్వుకున్నాను.

రాసినట్టు కాదంటే, మొదటిసారి ఇంకా రానట్టే. ఎందుకమ్మకి సీటుంది!

పెట్టె హాల్లో బల్లమీద ఖాళీగా ఉంది. ప్రిన్సిపాల్‌గా ఒప్పుకుంటున్నానని రాసి సంతకం పెట్టిన ఉత్తరం మార్చి మూడు నుంచీ మదర్ దగ్గరుంది. అడిగి తీసుకున్నాను. ఆవిడ చూస్తుండగానే పెట్టెలో బోర్లా పెట్టి, గంట కొట్టాను. అంత చిన్న గంట ఖాళీ హాల్లో అంత మోగుతుందని తెలియదు.

"ఇది పిల్లల పెట్టె" అన్నారు మదర్.

"టీచర్లు పెట్టకూడదని ఎక్కడా రాసి లేదు మదర్. రాసుంటే నేనే రాసుండాలి."

మదర్ ఎందుకని అడగలేదు. ఆచారం ఆవిడకి కూడా వర్తిస్తుంది. "పట్టాల రోజుదాకా ఇక్కడే ఉంటుంది. తిప్పాలనుకుంటే నువ్వే తిప్పాలి, నేను ముట్టుకోను" అన్నారు.

ఏప్రిల్ 5

చదివాను. ప్రార్థన మందిరం నిండా జనం. నా అజాగ్రత్త అని చదివాను. ఎవరి చేతికి కార్డు చిక్కిందో చెప్పలేదు, అది నాది కాని పేపరు. కాగితం మీద లేని వాక్యం ఒకటి కూడా చెప్పాను: "తెలిసి కూడా వారం రోజులు నేను పుస్తకం తెరవలేదు."

గోడ గడియారం ఎదురుగానే ఉంది. ఈసారి దాని వైపు చూడలేదు.

బయటికొచ్చాక మా క్లాసు పొడుగాడు, ఈసారి బంగారు పతకం తనదేనని ధీమాగా ఉన్నవాడు, దగ్గరికొచ్చి "మేడమ్, నిజంగా మళ్ళీ రాయాలా? పరీక్ష అయిన రోజే అంతా మరిచిపోయాను" అన్నాడు.

"అయితే నీకు పాఠం నేను సరిగ్గా చెప్పలేదన్నమాట. అది కూడా ప్రార్థనలో చదవమంటావా?"

వాడు పారిపోయాడు. ఇద్దరు ముగ్గురు టీచర్లు నన్ను చూసి నడక మార్చారు. వాళ్ళని తప్పుపట్టను. నిన్నమొన్నటి వరకు వాళ్ళ తాళాలు, వాళ్ళ ఆలస్యాలు లెక్కపెట్టింది నేనే.

అక్క టీ పెట్టింది. ఒకటే సారి, కానీ పెద్ద గ్లాసు.

ఏప్రిల్ 8

కొత్త ప్రశ్నపత్రం. చిత్తు కార్డు అక్క ఎదురుగా చించి పొయ్యిలో వేశాను.

"చూశావా అక్కా?"

"చూశాను. సాక్షి సంతకం కూడా పెట్టమంటావా?"

పెట్టమన్నాను. ఈ పేజీ అంచునున్నది ఆవిడ సంతకమే. మందుల చీటీమీద పెట్టినట్టు పెట్టింది, దేవుడు కూడా చదవలేడు.

ఏప్రిల్ 9

ఇరవై మూడు. అన్నీ వెల్లకిలా.

ఏప్రిల్ 12

దిద్దాను. ఎందుకమ్మకి డెబ్భై ఎనిమిదింపావు. పొడుగాడికి డెబ్భై తొమ్మిదిన్నర. అన్నీ మరిచిపోయానన్నవాడే! పతకం వాడిది. పద్నాలుగో నంబరు పేపరు మూడుసార్లు చదివాను, ఎక్కడైనా చెయ్యి జారి ఎక్కువ వేశానేమో, లేక భయపడి తక్కువ వేశానేమో అని. లేదు. డెబ్భై ఎనిమిదింపావే.

జాబితా చూసి వచ్చి "డెబ్భై తొమ్మిదికి తగ్గిన ఆ ముప్పావు ఎక్కడ పోయింది మేడమ్?" అంది. ప్రాణం లేచొచ్చింది. ఇరవై రోజుల తర్వాత ఆ పిల్ల నోట మొదటి ప్రశ్న.

రెండో జవాబులో పోయిందని పేజీ తీసి చూపించాను. పావుగంట వాదించింది. ఇవ్వలేదు.

ఏప్రిల్ 20

పట్టాల రోజు. యూనివర్సిటీ ఉత్తరం నిన్ననే వచ్చింది, ఎందుకమ్మకి సీటు. దర్జీ గారు ఆ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని, ఎవరు కనిపించినా గౌను సర్దే వంకతో ఆపి చూపించారు.

పొద్దున హాలుకి వెళ్ళాను. ఉత్తరం పెట్టెలో అలాగే ఉంది. తిప్పొచ్చు. మదర్ కూడా అదే కోరుకుంటున్నారు, నిన్న ఆ మాట చెప్పకుండానే చెప్పారు. చెయ్యి కూడా చాపాను. ఆ కుర్చీ నాకు ఇష్టం లేదని రాస్తే ఈ డైరీ నవ్వుతుంది. ఎంతో ఇష్టం. కానీ ఆ పిల్లకి పేపరు తిప్పే హక్కుండీ తిప్పలేదు, ఆ తప్పు సగం కూడా ఆ పిల్లది కాకపోయినా. నాది పూర్తిగా నాదే. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. బాధ ఉంది. బాధ కింద, చిత్రంగా, ఒక గట్టి నేల తగిలింది.

ఇక ప్రిన్సిపాల్ లెక్కల సిస్టర్. నా కొలతకి కుట్టిన గౌను ఆవిడకి నాలుగంగుళాలు పొడవైంది. దర్జీ గారు వేదిక వెనక మోకాళ్ళమీద కూర్చుని అంచు మడిచి కుట్టారు. కుట్టించుకుంటూ ఆవిడ కళ్ళజోడు కనిపించడం లేదంది. నెత్తిమీద ఉందని చెప్పాను. "ఇక రోజూ ఇలా చెబుతూ ఉండాలి నువ్వు" అంది. చెబుతాను.

నా పాత గౌను వెనక్కిచ్చారు. లోపల తిప్పి చూశాను. లైనింగు మొత్తం కొత్తది, చీమ నడిచినంత సన్న కుట్టు. "ఎవరికీ కనపడదు కదండీ, ఇంత పనెందుకు?" అన్నాను. "మీరు తిప్పి చూస్తారని తెలుసు మేడమ్" అన్నారు. ఆయనకి అన్నీ తెలుసు. కూతురు చెప్పినట్టుంది.

అంతా అయ్యాక ఎందుకమ్మ వచ్చింది, చేతిలో మడిచిన కాగితాలతో. చెల్లని పరీక్ష పేపర్లు ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాం. ఇది రోల్ నంబరు పద్నాలుగు. నా ఎదుటే వెల్లకిలా తిప్పి ఇచ్చింది.

"మార్కులకి కాదు మేడమ్. చదవడానికి."

ఇంటికొచ్చి చదివాను, ఎర్ర పెన్ను అవతల పెట్టి. చేతిలో పెన్ను లేకుండా పేపరు చదవడం నాకు ఇదే మొదటిసారి. నాలుగో జవాబు చివర రాసింది: "చనిపోయిన మనిషి ఇక అడగడు. కానీ మాట ఇచ్చిన రోజున నేనొకదాన్ని ఉన్నాను. ఆ నన్ను నమ్మి ఆ మనిషి ఈ మాట తీసుకున్నాడు. కట్టుబడాల్సింది ఆ నాకే."

అక్కకి చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది.

జూన్ 15

కొత్త పిల్లలు. మొదటి క్లాసు. డెబ్భై ఒక్కమంది, కొత్త చెప్పుల చప్పుడు, ఒకరిని చూసి ఒకరు భయపడటం. హాలుకి తీసుకెళ్ళి పెట్టె చూపించాను, గంట చూపించాను. ఏటా చెప్పేదే చెప్పాను. కాపలా ఉండదు. తలుపులు తీసే ఉంటాయి. ఎందుకని ఎవరూ అడగరు.

వెనక వరసలోంచి కళ్ళద్దాల పిల్లొకతె అడిగింది, "మేడమ్, ఇప్పటికి ఎన్ని బోర్లా పెట్టారు?"

"నేను వచ్చాక పదమూడు" అన్నాను.

"ఎవరెవరివి?"

తోటిపిల్లలు ష్ ష్ అన్నారు. పర్వాలేదన్నాను.

"పన్నెండు ఎవరివో చెప్పను. పదమూడోది నాది" అన్నాను. పదకొండు అని చెప్పిన ఏ సంవత్సరమూ నా గొంతు ఇంత తిన్నగా రాలేదు.

ఆ పిల్ల ఊరుకోలేదు. "ఎందుకు మేడమ్?" అంది.

అడగకూడదు. నా పేపరే కాబట్టి, కూర్చోమని కుర్చీ చూపించి, మొదటినుంచి చెప్పాను.